ఉరుమలమ్మకు ఒక్క ముద్ద

శకుంతదుర్గం అందం చూడాలంటే పొద్దుటిపూట వెన్నేటి అవతలి ఒడ్డున నిలబడి చూడాలని సింధూరపురి వాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు. ఎర్రరాతి బురుజులు, వాటి మీద అల్లుకున్న గురివింద తీగలు, ఏడంతస్తుల నగారాఖానా, దాని కొన మీద రెక్కలు విప్పిన బంగారు గరుడపక్షి. కిందికి దిగితే నూట ఎనిమిది పాలరాతి మెట్లు. మెట్ల చివర సున్నపు మేడల ఊరు, ఊరి చుట్టూ పొగడతోటలు. ఇదంతా నెల పైచిలుకు కిందటి మాట. ఇప్పుడు అవతలి ఒడ్డు లేదు, ఊరు లేదు, తోటలు లేవు. నూట ఎనిమిది మెట్లలో నూట అయిదు నీళ్ళ కింద ఉన్నాయి. పైన మిగిలినవి మూడు.

మాంత్రికుడు కరకంఠుడి నిర్వాకం అది. ఆస్థానంలో తనకు చోటివ్వలేదన్న అక్కసుతో వాడు పులినోరు కనుమలో, వెన్నేరు కొండల్ని దాటిపోయే ఇరుకులో, ఒక నల్లబండను మంత్రించి నిలబెట్టాడు. నది ఆగిపోయింది. రోజుకు మూడు మెట్ల చొప్పున నీళ్ళు కోట ఎక్కడం మొదలుపెట్టాయి. ఈదుకుని పోదామంటే ఆ నీళ్ళ నిండా వాడు వదిలిన మొసళ్ళు. కోటలో రెండువేల మంది ఉన్నారు. పొద్దు వాలేలోగా ఆ బండ పగలకపోతే వాళ్ళలో ఒక్కరూ మిగలరు.

బండను పగలగొట్టగలిగినది ఒక్కటే. తూర్పు బురుజు మీదికి ఎక్కించడానికే నెల పట్టిన ఉరుమలమ్మ అనే పెద్ద ఫిరంగి. ఆ సంగతి కరకంఠుడికీ తెలుసు. అందుకే అయిదు రోజుల కిందట వాడు ఒక మాయ నీటిసుడిని కోట కింది సొరంగం గుండా మందుకొట్టులోకి పంపాడు. తుపాకిమందు దాచే ఆ కొట్టు నేలమాళిగలోని పద్నాలుగు పీపాలూ బురదనీళ్ళలో మునిగి తేలాయి.

ఆ మర్నాడే సింధూరపురి యువరాజు శరభకేతు కోట చేరాడు. వచ్చిన తీరు తలచుకుంటే నవ్వొస్తుంది. ఆరడుగుల మనిషి, నెత్తిన తట్ట, మొహాన కుంకుమ, సోదె చెప్పే ముసలమ్మ వేషం. కరకంఠుడి మనుషుల గుడారాల మధ్యనుంచి నడుచుకుంటూ, ఆపినవాడికల్లా చెయ్యి చూసి రెండో పెళ్ళి యోగం ఉందని చెప్పుకుంటూ, అప్పటికింకా మునగని గాడిదవీపు గట్టు మీదుగా వచ్చేశాడు. మరో రోజుకు ఆ గట్టూ మునిగింది. అంత తెలివి చూపించినవాడు కోటలో కాలు పెట్టిన మొదటి జాములోనే రెండు తెలివితక్కువ పనులు చేశాడు.

మొదటిది, గవరమ్మను చెరలో వేయించడం. ఆమె మందుకొట్టుకు పెద్ద దిక్కు, తరతరాలుగా మందు కలిపే ఇంటి కోడలు. మొగుడు పోయాక తనే కలుపుతూ కొడుకు సింగన్నకు చెయ్యి దిద్దుతోంది. కొట్టు మునిగిన రోజున తలుపు తాళం తీసి ఉంది. సింగన్న జాడ లేదు. వాడే తాళం తీసి మాంత్రికుడితో చేతులు కలిపాడని కోటంతా కోడై కూసింది. యువరాజు ముందూ వెనకా చూడకుండా తల్లిని చెరలో వేయమన్నాడు.

రెండోది, మందును కడిగించడం. పీపాలు తెరిస్తే నల్లటి ముద్దలో సగం బురద కనబడింది. శకుంతదుర్గంలో ఆడా మగా అందరూ ధాన్యం చేతబట్టి పుట్టినవాళ్ళే. మట్టి కలిసిన గింజ కనబడితే చేతులు వాటంతటవే గంపలకూ జల్లెడలకూ పోతాయి. "కడిగి ఆరబోస్తే సరి" అన్నారెవరో. "కడగండి" అన్నాడు శరభకేతు. మూడు వందల మంది గుడ్డల్లో వేసి, నీళ్ళు పోసి, పిసికి, వార్చి, బురదంతా పోయేదాకా కడిగారు. నాలుగు రోజులు చాపల మీద ఎండబెట్టారు. మందు గలగలలాడుతూ, నిగనిగలాడుతూ తయారైంది. యువరాజు తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఆ మురిపెం ఈ ఉదయంతో తీరిపోయింది.

ఫిరంగుల పెద్ద పోలినాయుడు చిటికెడు మందు తాటాకు మీద వేసి వత్తి తాకించాడు. మంచి మందైతే బుస్సుమని ఒక్క వెలుగు వెలిగి ఆకు కమలకుండా మాయమవుతుంది. ఇది కుంపట్లో తడిబొగ్గులా కాసేపు పొగ చిమ్మి, ఆకును కాల్చి, ఆరిపోయింది. ఇంకో పీపాలోది చూశాడు. మూడోది చూశాడు. పద్నాలుగో పీపాలోదీ అంతే.

"చచ్చిపోయింది యువరాజా. మందు చచ్చిపోయింది."

"ఇంకా తడి ఉందేమో. మరికాస్త ఎండబెడదాం."

"ఎండలోపం కాదు. ఏం లోపమో చెప్పగలిగిన మనిషిని మనమే చెరలో కూచోబెట్టాం." పోలినాయుడు వత్తి ఆర్పేశాడు.

శరభకేతు మెట్ల వైపు చూశాడు. మూడో మెట్టు అంచున నీళ్ళు నాలుక చాస్తున్నాయి. వసారాల్లో జనం మూటల మీద కూర్చుని ఉన్నారు, ఏడ్చే ఓపిక కూడా లేకుండా. ఇంతమంది తనను చూసి ధైర్యం తెచ్చుకున్నారు, ఇంతమందినీ తను ముంచేశాడు. చెరసాలకు పరుగెత్తాడు.

గవరమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అరవై ఏళ్ళ మనిషి, ఎండుచేపంత సన్నం, గోళ్ళ సందుల్లో ఎన్నటికీ పోని నలుపు. అతను చాచిన అరచేతిలోంచి రెండు పలుకులు తీసి నాలుక మీద వేసుకుంది. కాసేపు చప్పరించి పక్కకు ఉమ్మేసింది.

"చప్పగా ఉంది. ఎవరు బాబూ దీన్ని కడిగింది?"

"నేనే కడిగించాను."

"బియ్యమనుకున్నావా?"

ఆమె అతని అరచేతిలో మిగిలిన పలుకులను వేలితో కదిపింది.

"ఇందులో మూడుంటాయి బాబూ. బొగ్గు, గంధకం, సురేకారం. బొగ్గూ గంధకమూ నీళ్ళకు జంకవు. సురేకారం ఉప్పులాంటిది. నీళ్ళు తగిలితే వాటితోనే పోతుంది. మందుకు ప్రాణం అదే. బురద పోయిందని మీరు సంబరపడ్డారు. బురదతోపాటు ప్రాణాన్నీ వార్చి పారబోశారు. అలా బురదతోనే నీడన ఆరబెట్టినా నాలుగైదు ముద్దలైనా దక్కేవి."

ఉరుమలమ్మ ఒక్కసారి పేలడానికి పట్టే మందును ఆ కోటలో ముద్ద అంటారు. పీపాకు ఒక ముద్ద. పద్నాలుగు పీపాలకు పద్నాలుగు ముద్దలు. శరభకేతు ఆ లెక్క వేసుకుని ఆమె ముందు కూలబడ్డాడు. తలపాగా తీసి ఆమె పాదాల దగ్గర పెట్టాడు.

"నిన్ను అన్యాయంగా కూర్చోబెట్టానో, న్యాయంగానో నాకు తెలియదమ్మా. విచారించకుండా కూర్చోబెట్టాను, అది మాత్రం తప్పే. నన్నేమైనా అను. వాళ్ళను మాత్రం వదిలెయ్యకు."

"నా కొడుకును ద్రోహి అన్నారు. నా ఇంటి మీద మన్ను పోశారు. ఇవాళ నా నాలుక కావాల్సొచ్చిందా?" గవరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకోకుండానే అంది, "లే. తలపాగాలు నేలన పెడితే మందు అంటుకోదు. కడిగిన నీళ్ళేం చేశారు?"

సమాధానం పోలినాయుడు చెప్పాడు. "ఆచారమే కదమ్మా. మందునీళ్ళు కాళ్ళతో తొక్కితే మందుతల్లికి కోపమని కొట్టు పడమటి గోడకే కొట్టించాను. నాలుగు నిలువుల గోడా తడిసిపోయింది."

ఆ ముసలిది లేచిన లేవడం చూస్తే ఎవరూ అరవై ఏళ్ళంటే నమ్మరు.

మందుకొట్టు పడమటి గోడ ఆవరణకు చివరన, ఎవరికీ పని లేని మూలన ఉంటుంది. నాలుగు రోజులుగా అటు తొంగిచూసినవాడు లేడు. గోడ మీద తెల్లగా ఏదో పూసింది. రాళ్ళ సందుల్లో, సున్నం పెచ్చుల మీద, సన్నటి సూదులు సూదులుగా, చెయ్యి వేస్తే రాలేంత మెత్తగా పూసింది. గవరమ్మ గోరుతో గీకి నాలుకకు రాసుకుంది. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందో నవ్వుతోందో పక్కనున్న శరభకేతుకు తెలియలేదు.

"చల్లగా తగిలింది బాబూ నాలుకకి. ఇదే. ఆచారమని పోస్తారు గాని ఎందుకు పొయ్యమన్నారో ఒక్కడూ అడగడు. మా అత్తగారు ఏటేటా ఈ గోడే గీకేది."

"ఎన్ని ముద్దలొస్తాయి?"

"రాయి తాగింది రాయి తాగేసింది. ముందు గీకండి."

కోట కోటంతా గోడకు అతుక్కుపోయింది. ఆల్చిప్పలు, కొబ్బరిచిప్పలు, అట్లకాడలు, బాకులు, ఏది దొరికితే దానితో గీకారు. సేనానులు నిచ్చెనలు పట్టుకున్నారు, ఆడవాళ్ళు చెంగులు పట్టారు. రాలిన పొడిని రాగి కాగుల్లో నీళ్ళు పోసి మరిగించి, గుడ్డల్లో వడగట్టి, చల్లారబెట్టింది గవరమ్మ. ఆ లోపల మధ్యాహ్నం దాటింది. ఒక మెట్టు మునిగింది. కాగు అడుగున పలచగా తేరిన తెల్లటి గడ్డను చూసి, అంతమంది చేసిన అంత చాకిరీకీ ఇంతేనా అని జనం నీరుగారిపోయారు. ఒకామె అక్కడికక్కడే కూలబడి పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. మళ్ళీ లేవలేదు.

గవరమ్మ ఎవరి మొహమూ చూడలేదు. కడిగిన మందులో మిగిలిన బొగ్గూ గంధకాన్ని రోట్లో పోసి, ఈ గడ్డను చేర్చి, తడి చిలకరించుకుంటూ చెక్కరోకలితో దంపించింది. కొలత పాత్ర ముట్టుకోలేదు. చిటికెడు తీసి నాలుక మీద వేసుకోవడం, తల అడ్డంగా ఊపడం, ఇంకాస్త కలపడం. అలా పదిసార్లు చేసింది. పదకొండోసారి తల నిలువుగా ఊపింది. దాన్ని గుడ్డల మీద పలచగా పరిచి గాలికి పెట్టించింది. అది ఆరేలోగా రెండో మెట్టు మునిగింది.

ఇంక ఒక్కటే మెట్టు.

పోలినాయుడు చిటికెడు తీసి తాటాకు మీద వేసి అంటించాడు. బుస్సుమంది. ఆకు ఆకులాగే ఉంది. రెండువేల గొంతులు ఒక్కసారి ఊపిరి వదిలాయి.

"ఎన్ని?" అన్నాడు శరభకేతు.

"ఒక్క ముద్ద," అంది గవరమ్మ. "అందులోనూ గుప్పెడు తక్కువ. కూరి కొడితే సరిపోతుంది."

ఉరుమలమ్మ నోట్లోకి ఆ ఒక్క ముద్దనూ పసిబిడ్డకు అన్నం పెట్టినంత జాగ్రత్తగా దించారు. పైన గుండు కూరారు. బండ నడుమ బొడ్డులాగా, బండ నలుపు కంటే చిక్కటి ఒక నల్లమచ్చ ఉంది. మంత్రమంతా ముడిపడి ఉన్నది అక్కడే. పోలినాయుడు కన్ను మూసి, తెరిచి, చెక్కదిమ్మలు జరిపి, ఫిరంగి మూతిని ఆ మచ్చకు సరిగ్గా గురి కుదిర్చాడు. వత్తి మాత్రం అతను ముట్టుకోలేదు. మందు కలిపిన చెయ్యే వత్తి పెట్టాలి, అది ఆ కోట కట్టుబాటు. కలయికలో తేడా వస్తే ఫిరంగి పగులుతుంది, పగిలితే దగ్గరుండేది కలిపినవాళ్ళే కావాలని పెద్దలు పెట్టారు. వత్తి పెట్టే ముందు ఇంకొకటి ఉంది. ఫిరంగుల మోతలో మాటలు వినబడవు కనుక ఫిరంగివాడు నాలుక బయటపెట్టి చూపుతాడు. రుచి చూశావా అని అడగడం అది. కలిపినవాళ్ళు తమ నాలుక చూపితే చూశాను, పేల్చవచ్చు అని. కొత్తవాళ్ళకు వెక్కిరింతలా ఉంటుంది గాని, ఆ ఇళ్ళల్లో పసిపిల్లలకు అమ్మా అనడంతోపాటు నేర్పేది ఇదే.

పోలినాయుడు గవరమ్మ వైపు తిరిగి నాలుక బయటపెట్టబోయాడు. సరిగ్గా అప్పుడే నీళ్ళ మీదుగా ఒక నవ్వు వినబడింది.

"శరభకేతూ! యువరాజులు గోడలు గీకి వంట చేసుకునే రోజులొచ్చాయా?"

బండ మీద కరకంఠుడు నిలబడి ఉన్నాడు. మూడు బాణాల దూరంలో ఉన్నా వాడి గొంతు పక్కన నిలబడి మాట్లాడినట్టే వచ్చింది. పొద్దుటినుంచి కాగుల పొగ చూస్తూనే ఉన్నాడు కాబోలు. వాడు చెయ్యి ఊపాడు. బండ నడుమకు, ఆ నల్లమచ్చ మీదికి, గొలుసులతో కట్టిన ఒక మనిషి జారి వేలాడాడు.

"గుర్తుపట్టారా? మీ మందువాడే. కొట్లోకి నీళ్ళొస్తున్నాయని వినగానే పీపాలు పైకి మోసుకుపోదామని తాళం తీశాడు పాపం. సుడిలో వచ్చిన నా మొసలి కాలు పట్టి తీసుకొచ్చింది. మీరేమో వాణ్ణి నా మనిషన్నారట! నవ్వలేక చచ్చాననుకోండి. పేల్చండి మరి, పేల్చండి!"

బురుజు మీద ఎవరూ కదలలేదు. సింగన్నను ద్రోహి అన్న నోళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. శరభకేతు పోలినాయుడి భుజం పట్టుకున్నాడు.

"పక్కకు కొట్టలేమా? మనిషికి తగలకుండా, అంచుకు?"

"పద్నాలుగు ముద్దలుంటే కొట్టేవాణ్ణి యువరాజా. పక్క కొండ అంచును ఒక్కో దెబ్బకు ఇంత చొప్పున రాలగొట్టుకుంటూ పోయి బండను జార్చేవాణ్ణి. వాడి మీద దుమ్ము కూడా పడేది కాదు. నాలుగైదున్నా ప్రయత్నించేవాణ్ణి. ఉన్నది ఒకటే. మచ్చకు తగలకపోతే బండకు గీత కూడా పడదు."

పద్నాలుగు ముద్దలు. కడగండి అన్న తన మాట శరభకేతు చెవుల్లో మళ్ళీ మోగింది. ఆ ఒక్క మాటతో తను పోగొట్టింది మందు మాత్రమే కాదు, ఎదురుగా వేలాడుతున్న ఆ మనిషిని కూడా. కింద ఆవరణలోంచి కేకలు వినబడ్డాయి. చివరి మెట్టు మీద నీళ్ళు పారుతున్నాయి.

"ఆపండి," అన్నాడు. ఆపి ఏం చేయాలో అతనికి తెలియదు. "ఒక్క క్షణం ఆపండి. ఆలోచించనివ్వండి."

అవతల గొలుసుల్లో సింగన్న తలెత్తాడు. చేతులు కట్టేసి ఉన్నాయి, కాలు చితికి ఉంది. బురుజు వైపు, ఉరుమలమ్మ వైపు, దాని పక్కన వత్తి పట్టుకుని నిలబడ్డ ముసలిదాని వైపు చూశాడు. నోరు తెరిచి, చిన్నపిల్లాడిలా, నాలుక బారెడు బయటపెట్టాడు.

కరకంఠుడు పగలబడి నవ్వాడు. "పిచ్చెక్కింది వీడికి! మిమ్మల్ని వెక్కిరిస్తున్నాడు!"

బురుజు మీద కొత్త సైనికులకూ అలాగే అనిపించింది. పోలినాయుడు మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాడు. శరభకేతు గవరమ్మ వైపు చూశాడు. ఆమె వత్తిని ఊది నిప్పు రాజేస్తోంది.

"అమ్మా, వద్దు," అన్నాడు. "నా తప్పుకు నువ్వు ఇది చెయ్యకూడదు."

"వాడు రుచి అడుగుతున్నాడు బాబూ," అంది గవరమ్మ. "అడిగినవాడికి చెప్పాలి గదా."

కొడుకు కళ్ళల్లోకి సూటిగా చూస్తూ, మందుతో నల్లబడిన నాలుకను బయటపెట్టి చూపింది. అతను తల ఊపాడు. ఆమె వత్తి పెట్టింది.

ఉరుమలమ్మ గర్జించింది. బురుజు అదిరింది, నగారాఖానా మీది గరుడపక్షి రెక్క విరిగి నీళ్ళలో పడింది. పొగలో ఎవరికీ ఏమీ కనబడలేదు. ముందు ఒక పగులు చప్పుడు వినబడింది, తర్వాత మరొకటి, ఆ తర్వాత నెల రోజులుగా ఆగిపోయిన వెన్నేరు ఒక్కసారిగా కదిలిన హోరు. పొగ విడేసరికి బండ రెండు చెక్కలై ఉంది. చివరి మెట్టు తేలింది. దాని కింది మెట్టు తేలింది. జనం కేకలు వేస్తూ ఒకరినొకరు కావలించుకుంటున్నారు. గవరమ్మ ఆరిపోయిన వత్తిని రెండు చేతులతో పట్టుకుని, ఉన్నచోటనే నిలబడి ఉంది. ఆమెను కావలించుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

శరభకేతు ఒక్క పరుగున బురుజు అంచు చేరాడు. అక్కడ ఖాళీ పీపాలు దొర్లి పడున్నాయి. వాటిని ఖాళీ చేయించింది తనే. ఒకదానికి బిరడా బిగించి, గుండెలకు హత్తుకుని, బాకు నోట కరచుకుని, పోలినాయుడు అరుస్తున్నా వినకుండా సింగన్న కోసం నీళ్ళలోకి దూకాడు. దూకుతూ ఒక్కసారి వెనక్కి చూశాడు. ముసలిది తననే చూస్తోంది.

ప్రవాహం అతన్ని కనుమ వైపు విసిరింది. ఎడమ పక్క ఒక మొసలి పీపాను కొరికి వదిలింది. ఇంకొకటి వెనకనే వస్తోంది. పగిలిన బండ కొండలా ఎదురొచ్చింది. రెండు చెక్కల మధ్య నురగలో తెగిన గొలుసు ఒకటి ఎగిరెగిరి పడుతోంది. దాని కొనను పట్టుకుని ఒక చెయ్యి నీళ్ళ పైకి లేచింది.

అది సింగన్న చెయ్యో, కరకంఠుడి చెయ్యో చూసుకునే వ్యవధి లేదు. శరభకేతు పీపాను వదిలేసి ఆ చేతిని అందుకున్నాడు. మరుక్షణం పులినోరు ఇద్దరినీ మింగేసింది.